వాయువేగరథములు – వాని లెక్కలు

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేయబడిన ఉపన్యాసపాఠము)



మహాభారతము అరణ్యపర్వమున నలోపాఖ్యానము కలదు. దాని నెరుగని తెలుగువారు అరుదు. బాహుకుడను మారుపేరుతో నలమహారాజు ఋతుపర్ణునకు సారథియై అయోధ్యనుండి విదర్భకు రథము తోలుచుండెను. దారిలో ఋతుపర్ణుని ఉత్తరీయము జారిపడెను. రథము నిలిపి దానిని తెప్పించుకొనవలెనని రాజు పలుకునప్పటికే అది యోజనదూరము వెనుకబడిపోయెనని సారథి విన్నవించెను. రాజునకు అచ్చెరువు కలిగెను. తన విద్యను గూడ చూపదలచి, దారిలోని తాండ్రచెట్టును చూచినంత మాత్రమున దాని ఆకులెన్నియో కాయలెన్నియో చెప్పెను. నలుడు ఆ మాటను ఊరక నమ్మలేదు. ఆలస్యమగునని రాజు తొందరపడుచున్నను రథము నిలిపి, దిగి, చెట్టును కూల్చి, లెక్కించి చూచుకొనెను. లెక్క సరిపోయెను. అంతట ఆ విద్యను తనకు నేర్పుమని అడిగి, దానికి మారుగా అశ్వహృదయమును ఇత్తునని మాట యిచ్చెను. సంఖ్యాజ్ఞానము అబ్బినంతనే నలుని పట్టియున్న కలి ఆతని విడిచి వెడలిపోయెను.

వేగము తెలిసినవానిని, లెక్క తెలియునంతవరకు, కలి విడువలేదు. ఈ కథలో గమనింపదగిన విషయము ఇదియే. నేటి ఉపన్యాసమునకు విషయమైనవి భూమిమీద అన్నిటికంటె వేగముగా పరుగెత్తుటకై నిర్మింపబడిన జెట్ ఇంజను కార్లు. వానిని గూర్చి చెప్పవలసిన ముఖ్యమైన మాటయు ఇదియే. అవి వేగమునకు ప్రసిద్ధములు. కాని వానిని నిలిపినది లెక్క. లెక్క తప్పినచోట ప్రాణములే పోయినవి.

ముందుగా ఈ పందెపు నియమమును తెలిసికొనవలెను. కారు ఒకసారి విపరీతవేగమున దూసుకొనిపోయినంత మాత్రమున అది రికార్డు కాదు. చదునైన నేలపై ఒక మైలునుగాని ఒక కిలోమీటరునుగాని కొలిచి గుర్తులు పెట్టుదురు. కారు చాలదూరమునుండియే వేగము పుంజుకొనుచు వచ్చి ఆ కొలతను దాటును. దాటుటకు పట్టిన కాలమును సెకనులో వెయ్యవవంతు వరకు యంత్రములు గుర్తించును. పిమ్మట ఆ కారే వెనుదిరిగి, ఒక గంటలోపల, అదే కొలతను ఎదురుదిక్కునుండి దాటవలెను. రెండు పరుగుల సగటునే అంతర్జాతీయ మోటారు సమాఖ్యవారు రికార్డుగా అంగీకరింతురు.

ఈ నియమమేల? ఉద్దానమున సైకిలు త్రొక్కువారి నడిగిన చాలును. సముద్రపుగాలి వీపునకు తగులుచుండగా పోవునప్పుడు కాళ్లకు శ్రమ తెలియదు. తిరిగి వచ్చునప్పుడు అదే గాలి రొమ్మునకు తగిలిన, త్రొక్కువాని సత్తువ ఎంతో అప్పుడు బయటపడును. గాలి చేసిన సాయమును, పల్లము చేసిన సాయమును తీసివేయగా మిగిలినదే కారుయొక్క సొంతవేగము. అప్పుగా వచ్చిన సొమ్మును విడదీయక నిలువ తేల్చుట లెక్క కాదు. కనుక ఈ పందెమున పోవుట సగము మాత్రమే. పోయి, నిలిచి, తిరిగి వచ్చుటయే పూర్తి పందెము.

ఈ పందెమునకు నూట పాతికేండ్ల చరిత్ర కలదు. 1898 డిసెంబరు 18వ తేదీన ఫ్రాన్సు దేశమున ఛాస్‌లూ-లోబా అను ప్రభువు విద్యుత్తుతో నడచు బండిని గంటకు 63 కిలోమీటర్ల వేగమున నడిపెను. మరుసటి యేడు ఏప్రిల్ 29న బెల్జియము దేశస్థుడగు కమీల్ జెనాట్జీ, తుపాకిగుండు ఆకారముగల బండిలో గంటకు 105 కిలోమీటర్లు దాటెను. అదియు విద్యుద్బండియే. దానికి ఆతడు పెట్టిన ఫ్రెంచి పేరునకు ‘ఎన్నడును తృప్తి చెందనిది’ అని అర్థము. తరువాతి చరిత్ర అంతయు ఆ పేరులోనే ఇమిడియున్నది.

పిమ్మట పెట్రోలు కార్లు వచ్చినవి. వానికి పొడవైన చదునునేల కావలసి వచ్చెను. మొదట సముద్రతీరములను ఎన్నుకొనిరి. సముద్రము వెనుకకు తగ్గినప్పుడు తడి ఇసుక ఎంత గట్టిగ ఉండునో బారువ, భావనపాడు తీరములయందు నడచినవారికి తెలియును. వేల్సు దేశమున పెండైన్ తీరము, అమెరికాలో డేటోనా తీరము అట్టివి. కాని ఇసుకను అల ప్రతిదినము తిరుగవ్రాయుచుండును. నిన్న చదునైన చోట నేడు గుంట యుండవచ్చును. 1927 మార్చి 3వ తేదీన పెండైన్ తీరముననే పారీ థామస్ అను ఇంజనీరు తన కారు బోల్తాపడి మరణించెను.

తీరములను విడిచి పందెగాండ్రు ఉప్పునేలను ఆశ్రయించిరి. అమెరికాలోని యూటా రాష్ట్రమున బాన్‌విల్ అను ఉప్పుమైదానము కలదు. అది ఎట్టిదో టెక్కలిప్రాంతమువారికి సులభముగా తెలియును. నౌపడ ఉప్పుమళ్లలో నీరు ఎండి తెల్లని పొర కట్టుట చూడనివారు లేరు. బాన్‌విల్‌లో ఆ పని మనుష్యప్రయత్నము లేకయే జరుగును. శీతకాలమున నీరు పలుచగా నిలుచును. వేసవిలో ఎండి, మైళ్లకొలది పలకవలె గట్టిపడును. ఆ పలకమీద 1935లో మాల్కం కాంబెల్ గంటకు 301 మైళ్ల వేగమును, 1947లో జాన్ కాబ్ 394 మైళ్ల వేగమును సాధించిరి. కిలోమీటర్లలో చెప్పిన కాబ్ వేగము 634.

అచ్చట ఒక చిక్కు వచ్చెను. సాధారణమైన కారులో ఇంజను చక్రమును త్రిప్పును; చక్రము నేలను వెనుకకు నెట్టును; అందువలన కారు ముందునకు సాగును. నేలకును చక్రమునకును పట్టు ఉన్నంతవరకే ఈ పద్ధతి పనిచేయును. పట్టు తప్పినచో చక్రము ఊరక గిరగిర తిరుగును. వర్షకాలమున బురదలో చిక్కిన బస్సు చక్రమువలె నన్నమాట. ఎంత పెద్ద ఇంజను పెట్టినను పట్టునకు మించిన బలము వ్యర్థము. ఈ చిక్కు విడదీయుటకే జెట్ ఇంజను వచ్చెను.

జెట్ ఇంజనులో చక్రమును త్రిప్పు పని లేదు. ముందునుండి గాలిని మింగి, దానిని రెక్కల చక్రములతో గట్టిగా నొక్కి, కిరసనాయిలు జాతి నూనెను అందులో మండించి, వేడెక్కి వ్యాకోచించిన వాయువును వెనుకకు చిమ్మును. దీపావళినాటి తారాజువ్వ నిప్పును క్రిందికి చిమ్ముచు తాను పైకి పోవుట ఎల్లవారును చూచినదే. చర్యకు సమానమైన ప్రతిచర్య ఎదురుదిక్కున కలుగునని న్యూటను మహాశయుడు సూత్రీకరించినది దీనినే. జెట్ కారులో చక్రములు నాటుబండి చక్రములవంటివి. లాగునది ఎడ్లు, చక్రము దొర్లుట మాత్రమే చేయును. ఇచ్చట ఎడ్ల స్థానమున వెనుకకు చిమ్మబడు వాయువు ఉన్నది.

మొదటి జెట్ కారును పందెమునకు తెచ్చినవాడు లాస్ ఏంజిలిస్ నగరమున వైద్యవృత్తి చేయుచుండిన నేథన్ ఆస్టిచ్. 1960లో ఆయన తెచ్చిన కారునకు యుద్ధవిమానముల జాతి ఇంజను అమర్చబడెను. రికార్డు ఆయనకు దక్కలేదు. 1962 సెప్టెంబరులో గ్లెన్ లీషర్ అను యువకుడు మరియొక జెట్ కారును నడుపుచు బాన్‌విల్‌లో మరణించెను. మరుసటి యేడు ఆగస్టు 5వ తేదీన క్రెయిగ్ బ్రీడ్‌లవ్ అను ఇరువదియారేండ్ల యువకుడు, ‘స్పిరిట్ ఆఫ్ అమెరికా’ అను మూడుచక్రముల జెట్ కారులో గంటకు 407 మైళ్ల సగటు సాధించెను. దానిలోనిది పాత సేబర్ యుద్ధవిమానముల జాతి ఇంజను. అప్పుడొక విచిత్రమైన వివాదము పుట్టెను. చక్రములకు ఇంజను బలము అందదు, చక్రములు నాలుగును లేవు. కనుక ఇది కారే కాదని మోటారు సమాఖ్యవారు త్రోసిపుచ్చిరి. మోటారు సైకిళ్ల సమాఖ్యవారు మాత్రము దానిని తమ జాతిలో చేర్చుకొనిరి! 1964లో జెట్ వాహనములకు ప్రత్యేకవర్గము ఏర్పడుటతో ఆ తగవు తీరెను.

1964, 1965 సంవత్సరములలో బాన్‌విల్ ఉప్పునేలపై జరిగిన పోటీ చదువరులకు భారతయుద్ధమును తలపించును. ఒకవైపు బ్రీడ్‌లవ్, వేరొకవైపు ఒహాయో రాష్ట్రమున పశువుల దాణామిల్లు నడుపు కుటుంబములో పుట్టిన ఆర్ట్ ఆర్ఫన్స్. ఈతనికిని ఈతని అన్న వాల్టునకును పొత్తు చెడి, ఎవరి కారు వారు నిర్మించుకొనిరి. 1964 అక్టోబరు 2వ తేదీన అన్నగారి కారు 413 మైళ్ల రికార్డు స్థాపింపగా, మూడుదినములలో తమ్ముడు 434 మైళ్లతో దానిని కూలద్రోసెను. ఆర్ఫన్స్ వాడిన ఇంజను పాడైనదని సైన్యమువారు పాతసామాను క్రింద వదిలించుకొన్నది. ఆతడు దానిని కొని, తన కొట్టములోనే విప్పి, బాగుచేసికొనెను. కొలిమిలో నాగలికర్రు సరిచేయు ఓర్పుతోనే ఆకాశయానపు ఇంజనును సరిచేసిన ఆ మిల్లువానిని పల్లెప్రజలు మెచ్చుకొనక మానరు.

అదే అక్టోబరు 15వ తేదీన బ్రీడ్‌లవ్ 526 మైళ్ల సగటు సాధించెను. కాని తిరుగుపరుగు ముగిసినపిదప, కారును నిలుపుటకు వెనుక విచ్చుకొనవలసిన పారాచూట్లు తెగిపోయినవి. చక్రముల బ్రేకులు కాలిపోయినవి. కారు మైళ్లకొలది ఆగక పోయి, టెలిఫోను స్తంభమును విరుగగొట్టి, గట్టు దాటి, ఉప్పునీటి మడుగులో మునిగెను. బ్రీడ్‌లవ్ ఈదుకొని ప్రాణములతో బయటపడెను. వేగము పెంచుటకు ఎంత విద్య కావలెనో నిలుపుటకును అంత విద్య కావలెనని లోకమునకు అంతకంటె తేటగా తెలుపు సంఘటన వేరొకటి లేదు. మరి పండ్రెండు దినములకు ఆర్ఫన్స్ 536 మైళ్లు చేసెను. 1965 నవంబరు 15వ తేదీన బ్రీడ్‌లవ్ 600 మైళ్లు దాటెను. తరువాతి యేడు ఆర్ఫన్స్ 600 మైళ్లకు పైబడిన వేగమున పోవుచుండగా చక్రపు బేరింగు పట్టివేసి కారు తునుకలైనను, ఆతడు చిన్నగాయములతో బ్రదికెను.

1970లో గ్యారీ గాబెలిచ్ నడిపిన ‘బ్లూ ఫ్లేమ్’ రాకెట్ కారు గంటకు వెయ్యి కిలోమీటర్ల గీటును దాటెను. 1983 అక్టోబరు 4వ తేదీన రిచర్డ్ నోబుల్ అను బ్రిటిషు దేశస్థుడు ‘థ్రస్ట్ 2’ అను జెట్ కారులో 633 మైళ్లతో రికార్డును తిరిగి జెట్ ఇంజనునకు తెచ్చెను. వర్షములవలన బాన్‌విల్ ఉప్పునేల పనికిరాకపోగా, ఆయన నెవాడా రాష్ట్రములోని బ్లాక్ రాక్ ఎడారిని ఎన్నుకొనెను. అది పూర్వకాలపు చెరువు ఎండగా మిగిలిన బంకమట్టినేల. ఆ కారు మరికొద్ది వేగము పెంచినచో ముందుభాగము లేచి గాలిలోనికి ఎగిరియుండెడిదని తరువాతి లెక్కలు తెలిపినవి. లెక్క ఆలస్యముగా వచ్చెను. అదృష్టము ముందుగా వచ్చెను.

కారు గాలిలోనికి ఎగురుటేమని సందేహము కలుగవచ్చును. గాలి కంటికి కనబడదు గనుక దాని బలమును మనుష్యుడు మరచును. శ్రీకాకుళము జిల్లావారు మాత్రము మరువలేరు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. గాలివేగము గంటకు 140 నుండి 150 కిలోమీటర్లు; విసురులు 165 వరకు. ఆ గాలికి ఉద్దానములోని కొబ్బరిచెట్లును, జీడితోటలును ఏమైనవో ఈ సభలో ఎవరికిని వివరింపనక్కరలేదు. గాలిబలము వేగముతో సమముగా పెరగదు. వేగపు వర్గముతో పెరుగును. అనగా వేగము రెండింతలైన బలము నాలుగింతలు, మూడింతలైన తొమ్మిదింతలు. గంటకు 1,200 కిలోమీటర్ల వేగమున పోవు కారునకు ఎదురగు గాలి తిత్లీ గాలికి వేగములో ఎనిమిదింతలు. బలములో ఎనిమిది ఎనిముదుల అరువదినాలుగింతలు. కూకటివ్రేళ్లతో కొబ్బరిచెట్టును పెకలించిన గాలికి అరువదినాలుగింతల గాలి ఒక కారు మూతిపై పడునన్నమాట. ఆ మూతి వెంట్రుకవాసి పైకి లేచినను గాలి దాని క్రిందికి దూరి మొత్తమును ఎత్తివేయును. ఎక్కువ క్రిందికి వంగిన నేలలో దిగబడును.

అంతేకాదు. శబ్దమునకును ఒక వేగము కలదు. దూరమున చెట్టు నరకువాని గొడ్డలి ముందు కనబడును, దెబ్బ తరువాత వినబడును. శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. ఒక వస్తువు ఆ వేగమును సమీపించునప్పుడు ముందున్న గాలికి తొలగుటకు వ్యవధి యుండదు; అది గోడవలె పేరుకొనును. విమానములు 1947 అక్టోబరు 14వ తేదీననే ఆ గోడను దాటినవి. కాని విమానము క్రింద ఖాళీ ఆకాశమున్నది. కారు క్రింద భూమియున్నది. అదిమివేయబడిన గాలి ఎచ్చటికి పోవును?

ఈ ప్రశ్నకు సమాధానము కనుగొనకుండ కారును కట్టరాదని రాన్ ఏయర్స్ అను వాయుగతిశాస్త్రజ్ఞుడు పట్టుపట్టెను. నోబుల్ తలపెట్టిన ‘థ్రస్ట్ ఎస్.ఎస్.సి.’ కారునకు ఆకారము నిర్ణయించినవాడు ఆయనయే. మొదట వేల్సులోని స్వాన్సీ విశ్వవిద్యాలయమున కంప్యూటరుతో గాలినడకను లెక్కకట్టించిరి. ఆ లెక్కను నమ్మి ఊరకుండలేదు. చిన్న నమూనాకారును చేయించి, పట్టాలమీద రాకెట్ బండికి కట్టి, శబ్దవేగమునకు మించి పరుగెత్తించి, గాలిబలములను కొలిచిరి. ఆ పరీక్షలు జరిగినది పారీ థామస్ మరణించిన పెండైన్ తీరమునందే. చిట్టాలోని అంకెయు ఆవర్జాలోని అంకెయు ఒక్కటియైనట్లు రెండు లెక్కలును సరిపోయినవి. అప్పుడే నిర్మాణము సాగెను. నలుడు తాండ్రచెట్టును కూల్చి లెక్కించినది ఇట్టి బుద్ధితోనే గదా!

ఆ కారు బరువు సుమారు పది టన్నులు. రెండు ప్రక్కల రెండు ఫాంటమ్ యుద్ధవిమానపు ఇంజనులు. రెండును కలిసి సుమారు 22 టన్నుల నెట్టుడు ఇచ్చును. పూర్తిబలమున నడచునప్పుడు సెకనుకు సుమారు 18 లీటర్ల నూనె త్రాగును. అనగా పాతకాలపు కిరసనాయిలు డబ్బా ఒకటి సెకనులో ఖాళీయగును. చక్రములకు రబ్బరు టైర్లు లేవు. నిమిషమునకు 7,000 చుట్లకు మించి తిరుగునప్పుడు రబ్బరు నిలువదు గనుక అల్యూమినియముతో చేసిన గట్టిచక్రములు పెట్టిరి. నడిపినవాడు ఆండీ గ్రీన్. బ్రిటిషు వాయుసేనలో యుద్ధవిమానచోదకుడు, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున గణితము చదివినవాడు. అశ్వహృదయమును అక్షహృదయమును ఒక్కనియందే కూడినవనవచ్చును.

1997 అక్టోబరు 13వ తేదీన బ్లాక్ రాక్ ఎడారిలో ఆ కారు రెండు దిక్కులను శబ్దవేగమును దాటెను. కాని తిరుగుపరుగు గంట గడువునకు ఒక నిమిషమునకు అటునిటుగా ఆలస్యమయ్యెను. లోకమంతయు చూచినది, యంత్రములు కొలిచినవి, చోదకుడు ప్రాణములకు తెగించినాడు. అయినను అధికారులు దానిని రికార్డుగా వ్రాసికొనలేదు. ఎవరును వారిని నిందింపలేదు. రెండుదినములు గడచిన పిమ్మట, అక్టోబరు 15వ తేదీన, మరల పరుగెత్తి, గడువులోపల తిరిగివచ్చి, గంటకు 763.035 మైళ్ల సగటును స్థాపించిరి. అది 1,227.985 కిలోమీటర్లు. ఆ ఉరుము ఎడారి ప్రక్కనున్న గెర్లాక్ అను చిన్నయూరివారికి వినబడెను. ఆ వేగమున కొలతమైలు దాటుటకు పట్టునది 4.7 సెకనులు. కాశీబుగ్గనుండి టెక్కలికి ఒకటిన్నర నిమిషము చాలును. కాని ఆ 4.7 సెకనులకై పదుమూడు మైళ్ల బాట కావలసివచ్చెను. మైలు ముందరి భాగము వేగము పెంచుటకు. వెనుకటి భాగము నిలుచుటకు. ఆ అంకెను ఇప్పటివరకు ఎవరును దాటలేదు.

దీనికి పూర్వము 1979 డిసెంబరులో కాలిఫోర్నియాలో ఒక రాకెట్ కారు శబ్దవేగమును దాటెనని ప్రకటించిరి. కాని రెండువైపుల పరుగు లేదు; నియమప్రకారము కొలత లేదు. అది నిజమో కాదో ఎవరికి తోచినట్లు వారు చెప్పుకొనుచున్నారు. ప్రకటనకును పద్దునకును గల భేదము ఇంతయే.

తిరుగుపరుగులో తొందరపడుటవలన కలుగు హాని ఎట్టిదో తెలుపు విషాదము ఒకటి కలదు. మాల్కం కాంబెల్ కుమారుడు డోనాల్డ్ 1964లో ఆస్ట్రేలియాలోని ఎయిర్ అను ఉప్పుచెరువుపై, చక్రములకు బలమందు కారులో 403 మైళ్లు సాధించిన వీరుడు. 1967 జనవరి 4వ తేదీన ఇంగ్లండులోని కానిస్టన్ సరస్సుపై జెట్ పడవలో నీటివేగపు రికార్డునకు పూనుకొనెను. ఆ పడవలోనిది, 1965 యుద్ధమున భారత వాయుసేన వాడిన నాట్ విమానముల జాతి ఇంజను. మొదటి పరుగు 297 మైళ్లు. తన పడవయే రేపిన అలలు అణగువరకు నిలువక, వెంటనే వెనుదిరిగెను. వేగము 300 దాటిన పిమ్మట పడవ ముక్కు పైకెత్తి, గాలిలో తిరుగబడి, నీట మునిగెను. ఆ సాహసికి మరణము తప్పలేదు.

స్త్రీలును ఈ సాహసమున వెనుకబడలేదు. పసితనముననే వినికిడి కోల్పోయిన కిట్టీ ఓ నీల్ 1976లో ఆరెగన్ రాష్ట్రమున ఆల్వర్డ్ ఎడారిలో రాకెట్ కారుతో 512 మైళ్ల సగటు సాధించెను. 2019 ఆగస్టు 27వ తేదీన అదే ఎడారిలో జెస్సీ కూంబ్స్ అను వీరవనిత, పాత యుద్ధవిమానపు దేహముతో చేసిన జెట్ కారులో 522 మైళ్లు సాధించి, ఆ పరుగుననే మరణించెను. నేలమీది ఏదో వస్తువు తగిలి ముందుచక్రము చెడి యుండునని విచారణలో తేలెను. మరుసటి యేడు ఆమె పేర స్త్రీలలో అత్యధికవేగపు రికార్డును నమోదుచేసిరి. పెద్దబండ యొకటి అక్కరలేదు. అంత వేగమునకు చిన్నరాయియే పర్వతము.

ఆ చిన్నరాళ్ల కథయే ఇక చెప్పవలసినది. గంటకు వెయ్యి మైళ్ల వేగమునకై 2008లో నోబుల్, గ్రీన్, ఏయర్స్ మరల కూడి ‘బ్లడ్‌హౌండ్’ అను కారును తలపెట్టిరి. దానికి దక్షిణాఫ్రికాలోని హాక్స్‌కీన్ పాన్ అను ఎండుచెరువు నేలను ఎన్నుకొనిరి. నేల చదునే గాని నిండ రాళ్లు. యంత్రముతో ఏరిన నేలపొర చెడును. అప్పుడు ఆ సమీపమున మియర్ ప్రాంతపు పల్లెజనులు, 300 మందికి పైగా, కూలికి వచ్చి, ఎండలో వంగి, చేతులతో రాళ్లనేరిరి. సుమారు 5,400 ఎకరములు. ఏరిన రాళ్లు 16,000 టన్నులు. కొన్నియేండ్ల పని. 2019 నవంబరులో ఆ బాటపై బ్లడ్‌హౌండ్ 628 మైళ్ల వేగమును అందుకొనెను. నిధులు చాలక రికార్డు పరుగు మాత్రము సాగలేదు. చోదకుని చిత్రము పత్రికలలో వచ్చినది. రాయి ఏరినవారి పేర్లు రాలేదు. కాని ఒక్క రాయి మిగిలియున్నచో చోదకుడే మిగులడు. వేగమును సాధ్యము చేసినది అంతకంటె మెల్లనైన పని లోకమున లేదనదగిన రాళ్లేరుడు.

ఇంత ధనము, ఇన్ని ప్రాణములు వెచ్చించి సాధించినదేమని పెద్దలు అడుగవచ్చును. అడుగవలసినదే. ఆ కార్లు ఒక బస్తా జీడిపిక్కలను సంతకు చేర్చలేదు. ఒక రోగిని ఆసుపత్రికి కొనిపోలేదు. శబ్దవేగమున నేలపై గాలి ఎట్లు నడచునో తెలిసినది, లెక్క అనుభవముతో సరిపోవునట్లు వ్రాయబడినది. శాస్త్రమునకు అది లాభము. సామాన్యునకు కలిగిన లాభము వేరు. అది ఒక ఉపదేశము.

కాశీబుగ్గ ప్రక్కగా జాతీయరహదారి పోవుచున్నది. దానిమీద మోటారు సైకిలు నెక్కి వేగమే వీరత్వమని తలచు కుర్రవాండ్రు లేకపోలేదు. ఆ ఎడారివీరుల పేర్లు వారికి ఉత్సాహము కలిగింపవచ్చును. కాని వారు ఎరుగవలసినది ఇది. ఆ వీరులు మనుష్యసంచారము లేని నేలను వెదకికొనిరి. బాటలోని రాయిరాయిని ఏరించిరి. నిలుచు ఉపాయమును ముందు చూచి, పరుగు ఉపాయమును తరువాత చూచిరి. అయినను కొందరు తిరిగిరాలేదు. రహదారిమీద ఆవు అడ్డువచ్చును. తోటపనినుండి మరలు తల్లి దాటుచుండును. ఎడ్లబండి దీపము లేక పోవుచుండును. ఆ బాటను ఎవరు ఏరిరి? ఆ వేగమునకు ఎవరు లెక్కకట్టిరి? ఇంటివద్ద ఎదురుచూచువారు కొలుచునది పోయిన వేగమును కాదు, తిరిగివచ్చిన వేళను.

ఈ గ్రంథాలయపు పద్దుపుస్తకమున గ్రంథము ఇచ్చిన తేదీకి ఒక గడి, తిరిగివచ్చిన తేదీకి ఒక గడి కలదు. ఇరువదియైదేండ్లుగా ఆ రెండు గళ్లును నిండుచుండుటచేతనే నేడు ఈ ఉత్సవము జరుగుచున్నది. మొదటి గడి మాత్రమే నిండియున్నచో అలమారలు ఏనాడో ఖాళీయై యుండెడివి. భూతలవేగపు రికార్డునకును గడులు రెండే. యువకులు గొప్పవేగములను కోరుదురుగాక, యంత్రములు నేర్తురుగాక, ఈ ఉద్దానమునుండియే ఒక ఏయర్సు, ఒక గ్రీను పుట్టుదురుగాక. కాని రెండవ గడిని మరువకుందురుగాక.

 గ్రంథాలయమునకు నూరేండ్ల ఆయువు కలుగుగాక. స్వస్తి.